తూర్పు గది గోడలో చెమ్మ

మొదటి ఫొటో వచ్చినప్పుడు నేను నంద్యాలలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో స్లాబు కమ్మీల మధ్య దూరం కొలుస్తున్నాను. ఒక చేతిలో టేపు, ఇంకో చేతిలో ఫోను. ఆళ్లగడ్డలో నా ఇంట్లో బాడుగకుండే టీచరమ్మ పంపింది. తూర్పు గది గోడ. నేల నుంచి మోకాలెత్తు దాకా సున్నం ఉబ్బి పొట్టులా లేచింది. ఆ పైన నల్లటి చుక్కలు, చుక్కల చుట్టూ సన్నటి ఆకుపచ్చ నూగు. ఫొటో కింద ఒక్కటే వాక్యం: "సార్, అమ్మ ఉండేది ఈ గదిలోనే. కొంచెం చూడండి."

ఆమెకు నలభై ఐదేళ్లు ఉంటాయి. ఆళ్లగడ్డలో ఒక చిన్న బడిలో లెక్కలు చెబుతుంది. తల్లీ కూతుళ్లిద్దరే. తల్లికి ఆయాసం. ఇల్లు చూడటానికి వచ్చిన రోజు ఆమె బాడుగ గురించి ముందు అడగలేదు. గదులన్నీ తిరిగి, గోడకు అరచేయి ఆనించి, "చెమ్మ రాదు కదా సార్? మా అమ్మకు ఊపిరి ఆడదు, అందుకని అడుగుతాండా" అంది.

"రాదు మేడం. అడుగున మొత్తం గరుసు పోయించాను" అన్నాను.

ఆ మాట అనడానికి నేను ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆ ఇంటి ప్లాను నేనే గీశాను. సివిల్ డిప్లొమా అయిపోయి సైటు ఇంజినీరుగా చేరిన రెండో ఏడు, గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో గీసి, కిటికీ ఎక్కడ ఉంటే గాలి ఎటు పోతుందో బాణాలు కూడా వేశాను. కానీ వారంలో ఆరు రోజులు నంద్యాలలో ఉండేవాణ్ని. కట్టించింది మామ. మా అమ్మకు తమ్ముడు, మేస్త్రీ, నా ఇంటికి రెండు వీధుల అవతలే ఆయన ఇల్లు. నేను పాలిటెక్నిక్‌లో చేరకముందే నీళ్లు నింపిన సన్న గొట్టంతో రెండు గోడల మట్టం ఎలా సరిచూడాలో నేర్పింది ఆయనే. కాలేజీలో అదే సంగతి బోర్డు మీద గీసి చెప్పినప్పుడు, మా సారు కంటే మామే బాగా చెప్పాడని నాకు అనిపించింది.

పునాది తీసే ముందు ఆయనకు ఒక కాగితం రాసిచ్చాను. అందులో తొమ్మిది సంగతులు. మూడోది: నేల అడుగున నీళ్లను పట్టి ఉంచని గరుసు కంకర తప్ప వేరే మన్ను వద్దు, జానెడు జానెడు పోసి, తడిపి, దిమ్మిస చేసి గట్టిపరచాలి. నాలుగోది: పునాది మీద గోడ మొదలయ్యే చోట నీరు పైకి ఎక్కకుండా సిమెంటు పొర వేయాలి. మామ చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"అంతా నువ్వే రాసిస్తివి. ఇంగ నాకేం పనప్పా, తాపీ పక్కన పెట్టి ఇది చదువుకుంటా కూచోవడమే" అన్నాడు. అక్కడున్న కూలోళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

వారం తర్వాత ఎర్ర గరుసు కుప్ప ఫొటో పంపాడు. కుప్ప వెనక నా ఇంటి పునాది కనిపిస్తోంది. ఆ ఫొటో చూసి మూడో సంగతి పక్కన టిక్కు పెట్టుకున్నాను.

అందుకే టీచరమ్మ ఫొటో రాగానే మామకే ఫోను చేశాను. సాయంత్రానికి ఆయన చూసి వచ్చి చెప్పాడు.

"గోడ తప్పేం లేదు అల్లుడా. ఇంట్లో తిరిగేటోళ్ల తప్పు. కిటికీలు మూసుకుని ఉంటాండారు. గుడ్డలు లోపలే ఆరేస్తాండారు. శుక్రవారమైతే ప్రార్థన అని ఇరవై మంది వస్తారంట, తలుపులేసుకుని పాడతారంట. అంత మంది ఊపిరి వదిలితే గోడకు చెమట పట్టక ఏం చేస్తాది?"

అందులో శాస్త్రం ఉంది. మూసిన గదిలో తేమ పెరిగితే చల్లటి గోడ మీద నీరు చేరుతుంది, బూజు పడుతుంది. నేను చదివింది, మామ చెప్పింది ఒకదానిలో ఒకటి సరిగ్గా ఇమిడాయి. ఇమడనిది ఒకటి ఉంది. ఊపిరి తేమ వల్ల వచ్చే బూజు గోడ పైమూలల్లో, బీరువా వెనక మొదలవుతుంది. ఇది నేల దగ్గర మొదలైంది. ఫొటోలో అది స్పష్టంగా కనిపిస్తోంది. చూశాను. చూసి కూడా, అడుగున గరుసే కదా అనుకున్నాను.

ఆ ఆదివారం ఆళ్లగడ్డ పోయి, బూజు గీకించి, బ్లీచింగు నీళ్లతో కడిగించి, టీచరమ్మకు ఒక కాగితం ఇచ్చాను. నంద్యాలలో టైపు చేయించి తీసుకుపోయాను. ఏడు సూచనలు. ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా కిటికీలు తెరవాలి. తడిగుడ్డలు మిద్దె మీదే ఆరేయాలి. బీరువా గోడకు నాలుగు అంగుళాలు జరపాలి. ఇలాంటివి. ఆరోది: మూసిన గదిలో ఎక్కువమంది గుమికూడరాదు.

ఆమె నిలబడి మొత్తం చదివింది. ఆరోదాని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగింది.

"ఇది ప్రార్థన గురించా సార్?"

"అందుకని కాదు మేడం. గాలి ఆడదని."

"సరే సార్" అంది. మళ్లీ పోయినప్పుడు ఆ కాగితం వంటింటి తలుపుకు అతికించి ఉంది. పక్కన పెన్సిలుతో ఏ రోజుకు ఆ రోజు గీతలు. లెక్కల టీచరు కదా, నాకంటే పద్ధతిగా గీసింది. శుక్రవారం ప్రార్థన వేరే ఎవరింటికో మారింది.

గోడ ఆరలేదు.

ఆ ఏడు వానలకు చెమ్మ మోకాలు దాటి నడుము దాకా వచ్చింది. ముసలామెకు ఆయాసం ఎక్కువై, రెండుసార్లు కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయారు. తర్వాత ఆమెను శిరివెళ్లలో పెద్దకూతురి ఇంట్లో ఉంచారు. గోడ ఆరేదాకా అన్నారు. ఆరితే తెచ్చుకుంటాం అన్నారు. అప్పటినుంచి టీచరమ్మ నాకు చేసే ప్రతి ఫోను ఆ ఒక్క విషయం గురించే. ఎప్పుడూ గొంతు పెంచలేదు. "ఈ తూరి రంగేస్తే ఆగుతాదంటారా సార్?" అని అడిగేది. ఆగుతుంది మేడం అనేవాణ్ని.

నేను చేసిన పనులు వరుసగా రాసి పెట్టుకున్నాను. మొదటిసారి గీకడం, బ్లీచింగు. రెండోసారి బూజు పట్టని ప్రైమరు. మూడోసారి మూడడుగుల దాకా పాత పూత రాలగొట్టించి, నీళ్లు తాగని రసాయనం కలిపిన సిమెంటుతో కొత్త పూత. పూత పనికి మామే వచ్చాడు. ఆ పూత ఆరు నెలలు బాగుంది. ఏడో నెలలో చెమ్మ పూత దాటి, దాని పై అంచు నుంచి మొదలైంది. తోవ మూస్తే ఇంకో తోవ వెతుక్కున్నట్టు. ఆమె కూడా ఊరికే కూర్చోలేదు. ప్రతి క్రిస్మస్‌కు ముందు ఆ గదికి తనే సున్నం వేసుకునేది. కిటికీకి నక్షత్రం కట్టేది. సంక్రాంతికల్లా సున్నం కింద నుంచి నలుపు పైకి తేలేది.

మూడో ఏడు ఆగస్టులో, నేను నంద్యాల బస్సెక్కుతుంటే టీచరమ్మ ఒక సంచీ తెచ్చి ఇచ్చింది. "శిరివెళ్ల స్టాపులో మా అక్క వచ్చి తీసుకుంటాది సార్. అమ్మ మందులు" అంది. కానీ స్టాపుకు వచ్చింది అక్క కాదు, ముసలామే. చిన్న స్టూలు ఒకటి తెచ్చుకుని, టీ అంగడి నీడన కూర్చుని ఉంది. నేను దిగి సంచీ ఇచ్చాను. ఎవరో చెప్పుకున్నాను.

"ఇంటి ఓనరువా నువ్వు" అంది, నా ముఖం బాగా చూసి. "పిల్లోడివే. నేను పెద్దోడనుకున్నా."

"బాగుండారా అవ్వా?"

"ఈడ గాలి బాగుండాది. తిండి బాగుండాది. అల్లుడు మంచోడే, ఒక మాట అనడు. అననోళ్లింట్లో ఉండటం ఇంకా కష్టం నాయనా." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "గోడ ఆరిందా?"

బస్సు హారన్ కొడుతోంది. కండక్టరు చేత్తో పిలుస్తున్నాడు.

"క్రిస్మస్‌కంతా ఆరుతుంది అవ్వా. నేను చూసుకుంటా."

"అట్లయితే డిసెంబరుకు మూట కట్టుకుంటా" అంది, నవ్వి.

ఆ మాట ఇవ్వడానికి నా దగ్గర ఆధారం ఏమీ లేదు. బస్సులో కూర్చున్నాక ఆ సంగతి తెలిసింది. అప్పటిదాకా నేను మూడుసార్లు మరమ్మతు చేశాను. కారణం ఒక్కసారి కూడా వెతకలేదు. కారణం మామ చెప్పాడు కాబట్టి.

దసరా సెలవులకు టీచరమ్మ తల్లి దగ్గరికి పోయింది. ఇల్లు తాళం. ఆమెకు ఫోను చేసి, గోడ ఒకసారి చూస్తాను అన్నాను. "తాళంచెవి పక్కింటి శిల్పి వాళ్లింట్లో ఉండాది, తీసుకోండి సార్" అంది. ఆ శిల్పి రోజంతా వాకిట్లో రాయి చెక్కుతూ ఉంటాడు. తాళంచెవి ఇచ్చి, "పది రోజులాయ, ఎవురూ లేరు సార్ ఇంట్లో" అన్నాడు.

తలుపు తీసి తూర్పు గదిలోకి పోయాను. గోడ తడిగా ఉంది.

పది రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ ఊపిరి వదల్లేదు. ఎవరూ గుడ్డలు ఆరేయలేదు. స్టవ్ వెలిగించలేదు. పాటలు పాడలేదు. గోడ నడుము దాకా తడిసి, అంచు వెంట తెల్లటి పొడి పేరుకుని ఉంది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

వంటింటి తలుపు మీద నా కాగితం, దాని పక్కన మూడేళ్ల గీతలు. వాటివైపు చూడకుండా బయటికి వచ్చి శిల్పిని గడ్డపార అడిగాను. ఎందుకని అడిగాడు. చెప్పాను. ఉలి కింద పెట్టి తనే గడ్డపార పట్టుకుని వచ్చాడు.

గది మూలలో ఒక నాపబండ లేపాం. కింద ఇసుక. ఇసుక కింద ఎర్ర గరుసు. చూశావా, గరుసే ఉంది అనుకున్నాను. శిల్పి ఇంకో పోటు పొడిచాడు. బెత్తెడు లోతు దాటగానే గడ్డపార మెత్తగా దిగింది. పైకి వచ్చిన మన్ను బూడిద రంగులో ఉంది, తడిసి ముద్దగా, వేళ్లకు సబ్బులా జారుతోంది.

"ఇది గరుసు కాదు సార్. చవుడు" అన్నాడు శిల్పి.

చవుడు అంటే ఉప్పు మన్ను. మా వైపు పాత మట్టిమిద్దెల మీద పరిచేవాళ్లు. వాన పడితే దాని పైపొర మెత్తబడి, సందులన్నీ మూసుకుని, నీళ్లను కిందికి దిగనివ్వదు. ఏటా వానలకు ముందు కొత్త చవుడు బండ్లతో తోలుకొచ్చి మిద్దె మీదికి ఎత్తేవాళ్లు. మిద్దె మీద ఉన్నంతసేపు అది మంచి మన్ను. నేల అడుగున తడి తగిలేచోట వేస్తే మాత్రం ఆ తడిని పట్టుకుని వదలదు. తడితోపాటు తన ఉప్పును కూడా గోడలోకి ఎక్కిస్తుంది. ఆ ఉప్పు గాలిలో తేమను కూడా లాక్కుంటుంది. పైన ఎన్ని పూతలు పూసినా లాభం లేదు.

గోడ వారగా ఇంకొంచెం తవ్వాం. నేను రాసిచ్చిన సిమెంటు పొర కనిపించింది. వేశాడు. కానీ చవుడు ఆ పొర కంటే జానెడు పైదాకా పోసి ఉంది. నీళ్లు ఎక్కకుండా గేటు పెట్టి, గేటు మీదుగా దారి వేసినట్టు.

ఇంకో రెండుచోట్ల బండలు లేపి చూశాం. అన్నిచోట్లా అదే. పైన బెత్తెడు ఎర్రగా, కింద రెండడుగులు బూడిదగా.

మామకు ఫోను చేసి రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు. పది నిమిషాల్లో మోపెడ్ మీద వచ్చాడు. చెప్పులు వాకిట్లో వదిలి లోపలికి వచ్చి, గుంతలు చూసి ఆగిపోయాడు. శిల్పి గడ్డపార తీసుకుని బయటికి పోయాడు. కాసేపటికి ఉలి చప్పుడు మొదలైంది.

"ఏందప్పా ఇది, పండగ పూట ఇల్లంతా తవ్వి పెట్టినావ్?"

"ఇదేం మన్ను మామా?"

వంగి, చిటికెడు తీసుకుని, వేళ్ల మధ్య నలిపాడు. తెలియనట్టు నటించలేదు.

"చవుడు."

"గరుసు పోసినా అంటివి."

"పైన గరుసే కదా పోసింది."

"పైన ఎందుకు పోసినావు?"

"నువ్వు చూస్తే వద్దంటావని."

ఆయన గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. చొక్కా వీపు తడుస్తుందని నేను చెప్పలేదు.

"ఆ ఏడే కదప్పా మా ఇంటి మిద్దె ఇప్పి స్లాబు ఏసింది. ఆ మన్ను మా నాయన ఎత్తించింది. నలభై వానలు చూసింది. ఒక్క చుక్క కిందికి దిగలే. దాని కిందనే పుట్టినా, దాని కిందనే పండుకున్నా. అట్లాంటి మన్ను తీసకపోయి వాగులో పారబోయమంటావా? నా అక్క కొడుకు ఇల్లు కట్టుకుంటాండాడు, దాని అడుగున ఉంటే మంచిదనుకుంటి."

"అది మిద్దె మీది మన్ను మామా."

"నీళ్లను పైన ఆపేది కింద ఆపదా?"

ఈ ప్రశ్న ఆయన నిజంగానే అడిగాడు. ఇప్పటికీ ఆయనకు దానికి జవాబు తెలియదనే అనుకుంటాను. కాగితం మీద గీసి చెప్పగలను. చెప్తే అర్థం చేసుకోగలడు కూడా. అక్కడితో ఆగి ఉంటే నాకు కోపం కూడా వచ్చేది కాదు. నాకు తెలిసిన మేస్త్రీలందరిలో మంచి చేయి ఆయనది. చేసింది తప్పు, కానీ అందులో నా మీద ప్రేమ ఉంది. అలాంటి తప్పును నేను మోయగలను.

"గోడ చెమ్మ వచ్చినాక నీకు తెలిసిందా, దీనివల్లే అని?"

వేళ్లకు అంటిన మన్నును గుంతలోకి దులిపాడు.

"మామా."

"మొదటేడే తెలిసింది" అన్నాడు. "ఉప్పు పూస్తానే తెలిసిపాయ."

"మరి ఆమె మీద చెప్పితివే. కిటికీలు తెరవరు, గుడ్డలు ఆరేస్తారు, ప్రార్థనలు చేస్తారు అని."

"ఇంగేం చెప్పమంటావ్?" అప్పుడు మొదటిసారి గొంతు గట్టిపడింది. "నువ్వు ఇంజినీరువి. నేను తాపీ పట్టుకునేటోన్ని. నువ్వు రాసిచ్చింది కాదని నేను చేస్తి, అది చెడిపాయ. నా చేతి పని తప్పని నీతో నలుగురిలో అనిపించుకోమంటావా? ఆమె బాడుగకుండేది. ఇయ్యాల ఉంటాది, రేపు పోతాది. నేను నీ మామను. నేను యాడికి పోతా?"

ఆ పూత పనికి ఆయనే వచ్చాడని చెప్పాను కదా. రెండు రోజులు ఆ గోడకు ఎదురుగా నిలబడి, సిమెంటులో రసాయనం పాళ్లు సరిచూసుకుంటూ, అది ఆగదని తెలిసి, పూశాడు. నేను పక్కనే నిలబడి, ఎంత నున్నగా పూస్తాడో అని చూస్తూ ఉన్నాను. ఆ రోజు టీచరమ్మ మా ఇద్దరికీ టీ ఇచ్చింది. ఆమె లోపలికి పోయాక, "గాలి ఆడనీయరు వీళ్లు" అన్నాడు నాతో, మెల్లగా.

గుంత దగ్గర అది గుర్తొచ్చింది. అనాల్సినవి వరుసగా తలలోకి వస్తున్నాయి, ఒకటి, రెండు, మూడు. ఏదీ నోటి దాకా రాలేదు.

"రేపు మనిషిని తీసుకొస్తా, అంతా తీసేసి గరుసు పోద్దాం" అన్నాడు మామ, లేస్తూ.

"వద్దు. నంద్యాల నుంచి వేరే మేస్త్రీ వస్తాడు."

ఆయన నన్ను చూశాడు. వాకిట్లోకి పోయి, చెప్పులు వేసుకుని, మోపెడ్ తోసుకుంటూ పోయాడు. స్టార్టు చేయలేదు.

సెలవులు అయిపోయి టీచరమ్మ తిరిగి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. తూర్పు గది నేల అంతా లేపేసి ఉంది. గుమ్మం దగ్గర నిలబడే ఆమెకు మొత్తం చెప్పాను. చవుడు, గరుసు, పొర, ఉప్పు. తప్పు మాదేనని, ఆమె కిటికీలకూ ప్రార్థనకూ గోడకూ సంబంధం లేదని చెప్పాను. మధ్యలో ఆపకుండా చెప్పేశాను, ముందే అనుకుని ఉన్నాను కాబట్టి. నేను చెప్పింది విని ఆమె ఆశ్చర్యపోతుందనుకున్నాను.

"తెలుసు సార్" అంది.

"ఏం తెలుసు?"

"అడుగున మన్ను బాగలేదని. మీ మామ మొదటేడే చెప్పినాడు. మీరు పంపితే గోడ చూసేకి వచ్చినాడు కదా, అప్పుడే నేను అడిగితి. 'అడుగున మన్ను మంచిది కాదమ్మా, ఓనరుకు అంతా తెలుసు. గట్టిగా అడిగితే ఇల్లు ఖాళీ చేయమంటాడు. ఎట్లనో సర్దుకో' అన్నాడు."

"నాకు తెలియదు మేడం."

"ఇప్పుడు తెలుస్తాండాది సార్, మీకు తెలియదని." ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ కష్టమైంది. "అప్పుడు మీకు తెలిసే ఆ కాగితం ఇచ్చినారని అనుకుంటి."

అంటే మూడేళ్లు ఆమె నన్ను ఇంకో రకం మనిషిగా అనుకుంది. నేలలో ఏముందో తెలిసి, టైపు చేయించి, ఏడు సూచనలు తెచ్చి చేతిలో పెట్టిన మనిషిగా. ఆరోదాని దగ్గర ఆగినప్పుడు ఆమె మనసులో ఏముందో అప్పుడు తెలిసింది. ఆ మనిషికే నవ్వుతూ టీ ఇచ్చింది. ఆ మనిషి చేతికే తల్లి మందులు ఇచ్చి పంపింది.

"అట్ల అనుకుని కూడా గీతలు గీస్తూ పాటించారు కదా మేడం. ఎందుకు?"

"నా తప్పేం లేదని నాకు తెలియాల కదా సార్" అంది. "ఈ ఊర్లో మాకు ఇల్లు దొరికేది అంత సులువు కాదు. ఇల్లు ఖాళీగా ఉండాదంటారు. పోతే ముందు ఏ చర్చికి పోతారమ్మా అని అడుగుతారు. మీరు అడగలే. అందుకని ఉంటిమి."

అవును, నేను అడగలేదు. దానికి బదులు ఆరో సూచన రాశాను.

నంద్యాల మేస్త్రీ పద్దెనిమిది రోజులు పని చేశాడు. చవుడు మొత్తం తీసి, సిమెంటు పొర కంటే కిందికే గరుసు నింపి, తడిపి, దిమ్మిస చేసి, మీద మందపాటి ప్లాస్టిక్ పట్ట పరిచి, బండలు వేశాడు. పాత పూతంతా కొట్టేసి, గోడలోని ఉప్పు లాగడానికి తడి కాగితపు గుజ్జు మూడుసార్లు పట్టించాం. ఆరాక సున్నం పూత. ప్రతి ఆదివారం పోయి, గోడ మీద నాలుగు చోట్ల అరచేయి పెట్టి చూసేవాణ్ని. నవంబరు ఆఖరుకు ఒకచోట తప్ప అన్నిచోట్లా ఆరింది. డిసెంబరు రెండో వారానికి అదీ ఆరింది. కిటికీ మూసి వారం ఉంచి కూడా చూశాను. ఆ పని ముందే చేయాల్సింది.

టీచరమ్మకు ఫోను చేసి, "అవ్వను తెచ్చుకోండి" అన్నాను. ఆమె సరేనంది. అనడంలో ఏదో తేడా ఉంది, కానీ నేను అడగలేదు.

ముసలామె శిరివెళ్ల నుంచి ఆటోలో వచ్చింది. వెంట మూట లేదు. చేతిసంచీ ఒక్కటే. తూర్పు గదిలో కుర్చీ వేస్తే కూర్చుని, ఊపిరి సర్దుకుని, పక్కకు వంగి గోడ మీద చేయి పెట్టింది. కింద, నడుమ, పైన.

"ఆరింది" అంది.

"ఆరింది అవ్వా. ఇంక రాదు."

"తెలుస్తాండాది. ఊపిరి బాగనే ఆడతాండాది." కూతురి వైపు తిరిగింది. "అయినా ఈడ వద్దులే పాపా. పాస్టరమ్మ చెప్పిన తావుకే పోదాం."

టీచరమ్మ తల దించుకుంది. చర్చి వెనక ఒక చిన్న పోర్షను ఖాళీ అయిందట. ఒకటే గది, వంటిల్లు. నా ఇంట్లో సగం కూడా ఉండదు. తల్లి వచ్చి చూశాకే నాకు చెబుదామని ఆగిందట.

"ఎందుకవ్వా?" అన్నాను. "ఇప్పుడు గోడ బాగుంది కదా. నేల మొత్తం మార్చాను. కావాలంటే కింద ఏముందో తవ్వి చూపిస్తా."

"గోడ బాగుండాది నాయనా. నువ్వూ మంచోడివే." ఊపిరి కోసం ఆగింది. మేమిద్దరం ఎదురుచూశాం. "కాకపోతే నువ్వు ఇంకోరి మాట మీద పోయేటోడివి. ఇంట్లో ఉండేది మేము. ఏమైందని మమ్మల్ని అడగాల కదా. మూడేండ్లు నువ్వు మా పాపను ఒక్క తూరి అడగలే. కాగితం ఇస్తివి."

మామ మాట అబద్ధమని తెలిశాక, నన్ను మోసం చేశారన్న సంగతే నా తలనిండా ఉంది. రెండు నెలలుగా దాన్నే మోస్తున్నాను, పక్కన ఇంకేమీ పట్టనట్టు. ఆమె దాన్ని ఒక్క వాక్యంలో పక్కకు జరిపింది.

క్రిస్మస్‌కు మూడు రోజుల ముందు వాళ్లు ఇల్లు మారారు. సామాను ఎక్కువ లేదు. మంచం, గ్యాస్, పుస్తకాలు, ఇనుప బీరువా. చర్చి నుంచి ఇద్దరు వచ్చారు. బీరువా దగ్గరికి వచ్చేసరికి వాళ్లు మంచం వేసుకుని ట్రాలీ ఆటోతో వెళ్లిపోయి ఉన్నారు. నేను ఒక్కణ్నే దాన్ని గుమ్మం దాకా జరిపాను. అప్పుడు మామ వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. ఎవరితోనూ మాట్లాడకుండా, భుజం మీది తువ్వాలు నడుముకు కట్టుకుని, బీరువా రెండో వైపు పట్టుకున్నాడు.

టీచరమ్మ ఆయనకు గ్లాసులో నీళ్లు తెచ్చి ఇచ్చింది. తీసుకుని తాగాడు. ఆమె ముఖం వైపు చూడలేకపోయాడు. ముసలామె ఆటోలో కూర్చుని మా ఇద్దర్నీ చూస్తోంది.

దసరా నుంచి మేం మాట్లాడుకోలేదు. అమ్మ రెండుసార్లు అడిగింది, ఎవరికి ఏమైందని. ఏం లేదన్నాను. నాకు మట్టం చూడటం నేర్పినప్పుడు ఆయన గొట్టం ఆ చివర పట్టుకునేవాడు, నేను ఈ చివర. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ, నీళ్లు కదలకుండా నిలిచేదాకా ఆగేవాళ్లం. ఇప్పుడు బీరువా అడ్డంగా ఉంది, ఆయన ముఖం నాకు కనిపించలేదు. వేళ్లు మాత్రం కనిపించాయి. సున్నం తిన్న గోళ్లు.

గుమ్మం దగ్గర బీరువా కాలు తట్టుకుంది.

"మామా, నీ పక్క కొంచెం ఎత్తు" అన్నాను.

ఎత్తాడు. బీరువా బయటికి వచ్చింది. తిరిగి వచ్చిన ట్రాలీ ఆటోలోకి ఎక్కించాక, తాడు ముడి ఆయనే వేసి, ఒకసారి లాగి చూసి, పోయాడు. ఆ తర్వాత మా మధ్య ఇంకో మాట జరగలేదు.